తల లెక్కా, విస్తరి లెక్కా?

పెళ్ళి భోజనాలు మాట్లాడుకున్న ఇంటివారికి ఒక సంగతి బాగా తెలుసు. విస్తరికి ఎంత అన్న బేరం పది నిమిషాల్లో తెగుతుంది. ఎన్ని విస్తళ్ళు అన్న తగువు అప్పగింతలు అయ్యాక కూడా తెగదు. పంచిన శుభలేఖలు ఎనిమిది వందలు, హాలుకు వచ్చినవారు ఆరు వందలు, లేచిన విస్తళ్ళు ఆరు వందల నలభై. ఆ నలభై ఎక్కడివి? పసిపిల్లకు విడిగా ఆకు వేయించిన తల్లి ఉంటుంది. మొదటి బంతిలో తిని, ఊరి నుంచి ఆలస్యంగా వచ్చిన బావమరిదికి తోడుగా రెండో బంతిలోనూ కూర్చున్న పెద్దమనిషి ఉంటాడు. ఆకు వేసి నీళ్ళు చల్లాక ఫోను రాగానే లేచిపోయినవాడు ఉంటాడు. వంటవారు ఆకులు లెక్కపెడతారు, ఇంటివారు మనుషులను లెక్కపెడతారు. ఇద్దరి లెక్కా నిజమే.

క్లాసుల బుకింగ్ సాఫ్ట్‌వేర్ నెలవారీ చందా కూడా అచ్చం ఇలాంటిదే. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో యోగా నేర్పేవారైనా, ఒంగోలు లాయరుపేటలో కూచిపూడి నేర్పేవారైనా, కావలిలో సాయంత్రం కరాటే బ్యాచ్‌లు నడిపేవారైనా హాజరు పుస్తకం మూసి సాఫ్ట్‌వేర్ తీసుకోవడానికి తగిన కారణాలే ఉన్నాయి. ఐదున్నర బ్యాచ్‌లో ఎన్ని ఖాళీలున్నాయి, ఎవరి ప్యాకేజీ ఏ తేదీన ముగుస్తుంది, డెమో క్లాసుకు వచ్చినవారిలో చేరింది ఎందరు అన్నవన్నీ ఫోనులోనే తెలుస్తాయి. ధరల పట్టిక దగ్గరికి వచ్చేసరికి, వంద మంది యాక్టివ్ క్లయింట్ల వరకు నెలకు ఇంత, నూట యాభై వరకు ఇంత అని ఉంటుంది. చూసేవారి కన్ను నేరుగా రూపాయల మీద పడుతుంది. బిల్లును నడిపించేది ఆ పక్కనున్న యాక్టివ్ అన్న మాట.

క్లయింట్ అన్న మాటే ఈ ఊళ్ళలో కొత్త. నాట్య గురువు దగ్గర ఉండేది శిష్యులు, జిమ్‌లో మెంబర్లు, ఈత కొలనులో పిల్లలు. సాఫ్ట్‌వేర్‌కు ఆ తేడాలు పట్టవు. దానికి ప్రతి ఒక్కరూ ఒక వరుస: పేరు, ఫోను నంబరు, ఈమెయిలు, కొన్ని తేదీలు. ఆ వరుసకు ఈ నెల డబ్బు అడగాలా వద్దా అన్న ప్రశ్నకు అది వేసుకునే జవాబే యాక్టివ్ అన్న ముద్ర.

కంపెనీలన్నీ ఈ కొలత వాడవు. అక్యూటీ షెడ్యూలింగ్ క్యాలెండర్ల సంఖ్యను బట్టి ప్లాన్లు విడగొడుతుంది. అంటే ఎందరు టీచర్లు, ఎన్ని గదులు అన్నదే అక్కడ ముఖ్యం. మైండ్‌బాడీ వంటివి సదుపాయాల స్థాయిని బట్టి అమ్ముతాయి. టీమప్ వంటివి యాక్టివ్ కస్టమర్ల సంఖ్యను బట్టి వసూలు చేస్తాయి. మూడో పద్ధతి చిన్న కేంద్రాలకు ఆకర్షణీయంగా కనిపించడానికి కారణం ఉంది: ముప్పై మందితో మొదలుపెట్టినవారు ముప్పై మందికి తగ్గట్టే కడతారు. అమ్మేవారికీ ఇది అనుకూలమే. నమోదైన పేర్లన్నిటికీ డబ్బు అడిగితే మూడేళ్ళ కిందట మానేసినవారికి కూడా కట్టాలా అని కొనేవారు ఎదురు తిరుగుతారు. ఒక్కో బుకింగ్‌కు ఇంత అంటే, వారానికి ఆరు రోజులు వచ్చే శిష్యురాలు భారమైపోతుంది. ఆమె ఆరు రోజులు వచ్చినా ఒక్క రోజు వచ్చినా సర్వర్ మీద పడే ఖర్చులో చెప్పుకోదగిన తేడా ఉండదు. కేంద్రం పెరిగితే తామూ పెరగాలి, కేంద్రం తగ్గితే కోపం రాకుండా తగ్గాలి. ఆ రెంటికీ మధ్య దొరికిన కొలత ఇది. ఆలోచనలో తప్పేమీ లేదు. చిక్కంతా నిర్వచనంలో ఉంది.

ఒకే నెల, ఆరు సంఖ్యలు

నెల్లూరు వేదాయపాళెంలో ఒక కేంద్రం ఉందనుకుందాం. పొద్దున యోగా, సాయంత్రం పిల్లలకు కూచిపూడి. పుట్టినప్పటి నుంచి సాఫ్ట్‌వేర్‌లో నమోదైన పేర్లు 186. ఈ నెలలో కనీసం ఒక్క క్లాసుకు వచ్చి హాజరు పడినవారు 94 మంది. హాజరే కొలతయితే బిల్లు 94 మందికి.

అదే కేంద్రంలో గడువు తీరని ప్యాకేజీ చేతిలో ఉన్నవారు 108 మంది. వీరిలో 86 మంది వచ్చారు, 22 మంది డబ్బు కట్టి కూడా రాలేదు. మూడు నెలల ప్యాకేజీ తీసుకుని రెండో నెల నుంచి కనిపించనివారు ప్రతి జిమ్‌కూ పరిచయమే. ప్యాకేజీయే కొలతయితే బిల్లు 108కి. హాజరైన 94 మందిలో మిగిలిన ఎనిమిది మంది ప్యాకేజీ లేకుండా ఒక్కరోజు ఫీజు కట్టి వచ్చినవారు. రెండింట్లో ఏది ఉన్నా యాక్టివే అని రాసుకుంటే 116.

ఇంకో ఏడుగురు ఉన్నారు. ఉచిత డెమో క్లాసు బుక్ చేసుకున్నారు, రాలేదు. ప్యాకేజీ లేదు, హాజరు లేదు, కేంద్రానికి రూపాయి ఆదాయం లేదు. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం బుకింగ్ అన్న ఘటన ఉంది. బుకింగే కొలతయిన చోట అంకె 123కు చేరుతుంది. ఇక పిల్లల సంగతి. కూచిపూడి క్లాసుకు ముప్పై మంది పిల్లలు, ఫీజు కట్టే తల్లిదండ్రులు 26 మంది. ఆ 26 మందిలో ఐదుగురు పొద్దున యోగాకు కూడా వస్తారు కాబట్టి ముందే లెక్కలో ఉన్నారు. డబ్బు చెల్లించిన ఖాతా కూడా క్లయింటే అనే సాఫ్ట్‌వేర్‌లో మిగిలిన 21 మంది కొత్తగా చేరి 144 అవుతుంది. పైన మరో తొమ్మిది పేర్లు తేలుతాయి. అవి ఎవరివో తర్వాత చూద్దాం. మొత్తం 153.

94 నుంచి 153 దాకా. కేంద్రంలో ఒక్క మనిషి పెరగలేదు, ఒక్క చాప ఎక్కువ పరచలేదు.

ఇప్పుడు రూపాయలు. వంద వరకు 3,000, నూట యాభై వరకు 4,200, రెండు వందల వరకు 5,400 అని ధరలు ఉన్నాయనుకుందాం. 18 శాతం జీఎస్టీ కలిపితే అవి 3,540, 4,956, 6,372 అవుతాయి. హాజరు లెక్కకూ అన్నీ కలిపిన లెక్కకూ మధ్య నెలకు 2,832 రూపాయలు, ఏడాదికి 33,984 రూపాయలు తేడా. ఇద్దరు అమ్మకందారులు ఒకే ధరల పట్టిక చూపించి ఇంత తేడాతో బిల్లు వేయవచ్చు. చవకగా కనిపించే పట్టిక వదులుగా రాసిన నిర్వచనంతో కలిసి, ఖరీదుగా కనిపించే పట్టికను మించిపోవచ్చు.

ఇక్కడ కరెంటు బిల్లు గుర్తుకు రావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి ఇళ్ళ వాడకానికి టెలిస్కోపిక్ పద్ధతి వచ్చింది. మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 31 నుంచి 75 దాకా 3 రూపాయలు. 31వ యూనిట్ కాలిస్తే ఆ ఒక్క యూనిట్‌కే 3 రూపాయలు పడుతుంది, మొదటి ముప్పై పాత ధరలోనే ఉంటాయి. బుకింగ్ సాఫ్ట్‌వేర్ శ్లాబులు ఎక్కువగా ఇలా ఉండవు. వందా ఒకటో పేరు పడగానే బిల్లు మొత్తం పై మెట్టుకు ఎక్కుతుంది. పై లెక్కలో ఆ ఒక్క పేరు ఖరీదు పన్ను కాక 1,200 రూపాయలు. ఆ పేరు డెమో బుక్ చేసి రాని మనిషిది కావచ్చు. ఎక్కడం దానంతట అదే జరిగి, దిగడానికి మాత్రం విడిగా అడగవలసిన ప్లాన్లు కూడా ఉంటాయి. అవి ఉన్నవని తెలియకపోతే మే నెలలో ఎక్కిన మెట్టు మీదే డిసెంబరు దాకా కూర్చోవలసి వస్తుంది.

పై ఆరు లెక్కల్లో ఏది న్యాయం? ప్యాకేజీ లెక్క అన్నదే దగ్గరి జవాబు. కేంద్రానికి ఎవరి దగ్గర నుంచి డబ్బు వచ్చిందో వారి మీద సాఫ్ట్‌వేర్ వాటా అడగడంలో ఒక తర్కం ఉంది. రాని 22 మందికి కట్టడం కష్టంగా తోచినా, వారి ఫీజు ముందే చేతికి అందింది. హాజరు లెక్క చూడటానికి ఇంకా చవక. కానీ దాని వల్ల పుట్టే బుద్ధులు వేరు, వాటి ప్రస్తావన కింద వస్తుంది. బుకింగ్ లెక్క మాత్రం కొత్తవారిని పిలిచిన పాపానికి జరిమానా వేసినట్టే.

నెల ఎక్కడ మొదలవుతుంది

ఎవరు అన్నది తేలాక ఎప్పుడు అన్నది మిగులుతుంది. సోమశిల జలాశయంలో నీరు ఎంత అంటే, ఈ ఉదయం మట్టం చెప్పవచ్చు, ఈ సీజన్‌లో చేరిన గరిష్ఠ మట్టమూ చెప్పవచ్చు. సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ రెండు రకాలు ఉన్నాయి. కొన్ని బిల్లు తేదీ నాడు ఎందరు యాక్టివ్‌గా ఉన్నారో ఆ ఒక్క రోజు చూసి లెక్క కడతాయి. కొన్ని ఆ నెలంతటిలో ఏదో ఒక రోజు ముట్టిన గరిష్ఠ సంఖ్యను పట్టుకుంటాయి. వరద తీసినా గోడ మీద నీటి చార మిగిలినట్టు ఆ అంకె బిల్లులో మిగిలిపోతుంది. మరికొన్ని నెల పొడుగునా తగిలిన వేర్వేరు పేర్లన్నీ కూడతాయి. ఇది గరిష్ఠం కన్నా కూడా పెద్ద అంకె ఇవ్వగలదు. మొదటి వారంలో మానేసిన పదిమందీ, మూడో వారంలో చేరిన పదిమందీ ఒకే రోజు ఎన్నడూ కలిసి లేకపోయినా కూడికలో కలుస్తారు.

వెనక్కి ఎంత దూరం చూస్తుందన్నది ఇంకో ముడి. క్యాలెండర్ నెల, గడిచిన 30 రోజులు, గడిచిన 90 రోజులు అన్నవి మూడు వేర్వేరు కిటికీలు. బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారంలో మొదలై జూన్ రెండో వారం దాకా సాగుతాయి. ఈత, కరాటే, చిత్రలేఖనం నేర్పేవారికి అదే పంటకాలం. మే 31న ముగిసిన వేసవి శిబిరంలో అరవై మంది పిల్లలు ఉన్నారనుకుంటే, 30 రోజుల కిటికీలో వారు జూన్ చివరికల్లా వెళ్ళిపోతారు. 90 రోజుల కిటికీలో ఆగస్టు 29 దాకా యాక్టివ్‌గానే ఉంటారు. ఆ పిల్లలు అప్పటికి బడికి వెళ్ళి మొదటి పరీక్షలు కూడా రాసి ఉంటారు. ఫీజు ఒక నెలది, చందా నాలుగు నెలలది.

నెల మారే క్షణంలోనూ ఒక చిన్న వింత ఉంది. విదేశీ కంపెనీల సర్వర్లు తరచుగా తేదీలను అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో రాసుకుంటాయి. భారత సమయం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. నెల్లూరులో ఆగస్టు 1 ఉదయం ఐదు గంటల యోగా క్లాసు ఆ సమయంలో జూలై 31 రాత్రి 11:30. కేంద్రం ఉన్న ఊరి సమయాన్ని బట్టి నెల మార్చుకోని సాఫ్ట్‌వేర్‌లో, ఒకటో తారీఖు కొత్త బ్యాచ్ మొదటి క్లాసు పాత నెల ఖాతాలో పడుతుంది. రెండో తారీఖు క్లాసు ఎలాగూ కొత్త నెలలో పడుతుంది. కొత్తగా చేరినవారు పన్నెండు మంది ఉంటే ఆ పన్నెండు మందీ రెండు నెలల్లోనూ తలలే. తెల్లవారుజామున పని మొదలుపెట్టే మన అలవాటుకు ఇది శిక్ష. అమెరికా పశ్చిమ తీరంలో కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసినవారికి ఈ బాధ తోచే అవకాశం లేదు. వారి ఉదయం క్లాసులు ఆ సమయంలోనూ అదే రోజున ఉంటాయి.

ఇక ఈ జిల్లాల ఏడాదిని ఆ కిటికీల్లోంచి చూడాలి. జూన్ 21 అంతర్జాతీయ యోగా దినోత్సవం 2015 నుంచి జరుగుతోంది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం మే 21 నుంచి నెలరోజులు యోగాంధ్ర కార్యక్రమం నడిపి, జూన్ 21న విశాఖ సముద్రతీరంలో మూడు లక్షల మందికి పైగా చేత ఆసనాలు వేయించింది. అలాంటి నెలలో ప్రతి కేంద్రమూ ఉచిత క్లాసు పెడుతుంది. పేర్ల నమోదుకు సాఫ్ట్‌వేర్ లింకు వాట్సాప్‌లో తిరుగుతుంది. నూట ముప్పై మంది నొక్కుతారు, డెబ్బై మంది వస్తారు, నలుగురు చేరతారు. లెక్కలో నూట ముప్పై పడిందా, డెబ్బై పడిందా, నాలుగు పడిందా అన్నది ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంటుంది, ఆ వాక్యం సహాయ పత్రంలో ఎక్కడో కింద ఉంటుంది.

విజయదశమికి నాట్యం, సంగీతం మొదలుపెట్టించే ఆచారం వల్ల అక్టోబరు ప్రాంతంలో చేరికలు పెరుగుతాయి. వెంటనే వాన. నెల్లూరుకు ఏడాది వర్షంలో పెద్ద వాటా ఈశాన్య రుతుపవనాల నుంచే వస్తుంది, నవంబరు వచ్చిందంటే క్లాసులు ఎన్ని జరుగుతాయో ఎవరూ చెప్పలేరు. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు మార్గమే కొట్టుకుపోయింది. అలాంటి వారంలో హాజరు సున్నా. హాజరు లెక్కలో ఆ నష్టం కొంతైనా బిల్లులో తగ్గుతుంది. ప్యాకేజీ లెక్కలో తగ్గదు సరికదా, గడువులను పది రోజులు పొడిగిస్తే ఆ పొడిగింపు తర్వాతి నెలలోకి దొర్లి అక్కడా పేర్లు పెరుగుతాయి. కేంద్రం చేసిన మంచితనానికి కేంద్రమే సుంకం కట్టినట్టు. మొహర్రం రోజుల్లో రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు వైపు దారులు కిక్కిరిసినప్పుడు దర్గామిట్టలో క్లాసులకు సెలవిచ్చేవారికి ఇదే గొడవ చిన్న మోతాదులో ఉంటుంది. పదో తరగతి, ఇంటర్ పరీక్షల కాలంలో పిల్లలు రెండు నెలలు ఆగిపోతారు. ఇలాంటప్పుడు ప్యాకేజీని హోల్డ్‌లో పెట్టే వీలు దాదాపు అన్నిటిలోనూ ఉంటుంది. హోల్డ్‌లో ఉన్న పేరు యాక్టివా కాదా అన్నది మాత్రం ఒక్కో చోట ఒక్కో రకం.

ఇంటిపేరు, ఒంటిపేరు, అమ్మ ఫోను నంబరు

మిగిలిన తొమ్మిది పేర్లలో ఏడింటి సంగతి ఇప్పుడు. అవి రెట్టింపు పేర్లు. విదేశీ సాఫ్ట్‌వేర్ మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్ళు పెడుతుంది. మనకు మొదట వచ్చేది ఇంటిపేరు. ఒకసారి రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి ఇంటిపేరును మొదటి గడిలో రాస్తుంది, ఇంకోసారి శిష్యురాలే ఫోనులో ఒంటిపేరు ముందు రాసుకుంటుంది. ఇంటిపేరుకు బదులు ఒక్క అక్షరం రాసేవారు మరికొందరు. లక్ష్మి అన్న పేరును ఆంగ్ల అక్షరాల్లో కనీసం రెండు రకాలుగా రాస్తారు. ఫోను నంబరు ముందు 91 చేర్చినవారు, సున్నా చేర్చినవారు, ఏమీ చేర్చనివారు ఉంటారు. యంత్రం కళ్ళకు ఇవన్నీ వేర్వేరు మనుషులు. పైగా ఈమెయిలు అడిగితే ఈ ఊళ్ళలో సగంమంది గుర్తు తెచ్చుకుని కొత్తది చెబుతారు.

దీనికి ఎదురు దిక్కున ఇంకో తప్పు జరుగుతుంది. అక్కాచెల్లెళ్ళు ఇద్దరికీ అమ్మ ఫోను నంబరే ఇస్తారు. నంబరే మనిషి గుర్తు అనుకునే సాఫ్ట్‌వేర్ రెండో పాపను చేర్చనివ్వదు, లేదా ఇద్దరినీ ఒక్కరిగా కలిపేస్తుంది. బిల్లుకు అది లాభమే. పెద్దమ్మాయి హాజరు చిన్నమ్మాయికి పడి, ఎవరి ప్యాకేజీలో ఎన్ని క్లాసులు మిగిలాయో తెలియకపోవడం దాని వెల. పిల్లల ఖాతాను తల్లి ఖాతా కింద ఉంచి, క్లాసుకు వచ్చేవారిని మాత్రమే లెక్కించే ఏర్పాటు ఉన్నదే ఇక్కడ పనికివచ్చేది. కొనేముందు చూడవలసిన మొదటి సంగతి ఇదే అన్నా తప్పులేదు, ఎందుకంటే నాట్యం, సంగీతం, ఈత నేర్పే ఏ కేంద్రంలోనైనా డబ్బు కట్టేది ఒకరు, నేర్చుకునేది మరొకరు.

వార్షికోత్సవం సంగతి కూడా ఇందులోదే. నెల్లూరు టౌన్ హాల్‌లో పిల్లల ప్రదర్శన పెట్టి, కుర్చీల కేటాయింపుకు అదే సాఫ్ట్‌వేర్ వాడితే చూడటానికి వచ్చిన బాబాయి, పిన్ని, పక్కింటివారు అందరూ ఒక బుకింగ్ చేసిన క్లయింట్లు అయిపోతారు. రెండు వందల కుర్చీలంటే రెండు వందల తలలు. వాటికి కాగితం టిక్కెట్లే మేలు.

లెక్క మనుషులను ఎలా మారుస్తుంది

పేరుకు ఇంత అని వసూలు మొదలయ్యాక కేంద్రం ప్రవర్తన మారుతుంది. అమ్మకందారులు దీన్ని తక్కువగా అంచనా వేస్తారు. వంద దగ్గర మెట్టు ఉందని తెలిసిన యజమాని 97 దగ్గర నుంచి జాగ్రత్తపడతాడు. డెమోకు వచ్చినవారిని సాఫ్ట్‌వేర్‌లో చేర్చకుండా పక్కన నోటు పుస్తకంలో రాయిస్తాడు. ఒక్కరోజు ఫీజు వారినందరినీ అతిథి అన్న ఒకే పేరు కింద వేస్తాడు. హాజరు లెక్క అయిన చోట నెలాఖరున ఒకటి రెండుసార్లు వచ్చినవారికి హాజరు వేయడమే మానేస్తాడు. భార్యాభర్తలకు ఒకే ఖాతా.

ప్రతి ఎత్తూ ఆ నెలకు డబ్బు మిగులుస్తుంది. కానీ సాఫ్ట్‌వేర్ కొన్నదే డెమోకు వచ్చినవారిలో ఎందరు నిలిచారో తెలుసుకోవడానికి. ఇప్పుడు ఆ జవాబు మళ్ళీ నోటు పుస్తకంలోకి వెళ్ళింది, కాకపోతే ఈసారి సగమే. అతిథి అన్న పేరు మీద నెలకు నలభై హాజర్లు ఉంటే ఆ కేంద్రానికి అత్యంత శ్రద్ధగల శిష్యుడు అతడే. డెమోలను లెక్కలోకి తీసుకునే కంపెనీ తన సరుకును తానే పాడుచేసుకుంటోంది: కొనేవారిని అబద్ధపు హాజరు వైపు నెట్టి, ఆ తర్వాత తన నివేదికలు నమ్మమంటోంది. చేరిన మొదటి పదిహేను రోజులను, తొలి ఒక్క క్లాసును లెక్క నుంచి మినహాయించడం ఆ కంపెనీకి పెద్ద నష్టం కాదు. అది చేయని చోట పై తెలివితేటలన్నీ పుట్టుకొస్తాయి, వాటికి యజమానులను తప్పుపట్టి లాభం లేదు.

మానేసినవారిని లెక్కలోంచి తీయడానికి ఆర్కైవ్ చేయడం వేరు, పేరు చెరిపేయడం వేరు. ఆర్కైవ్ అంటే పాత పద్దు అటక మీద పెట్టినట్టు. చరిత్ర ఉంటుంది, లెక్కలో పడదు, మళ్ళీ వస్తే దించుకోవచ్చు. కొన్నిటిలో గడువు దాటిన పేరు తానే అటకెక్కుతుంది, కొన్నిటిలో చేత్తో ఎక్కించాలి. ఆర్కైవ్ చేసిన పేరు మీద పాత బుకింగ్ ఏదైనా ముందు తేదీలకు మిగిలి ఉంటే, ముఖ్యంగా ప్రతి మంగళవారం అని ఏడాది పొడుగునా వేసి ఉంచిన బుకింగ్, ఆ పేరు మళ్ళీ లెక్కలోకి దిగివస్తుంది. మానేసినవారి బుకింగ్‌లు ముందు రద్దు చేసి, తర్వాత అటకెక్కించడం సరైన వరుస. పేరును పూర్తిగా చెరిపేస్తే గత ఏడాది ఆదాయ నివేదికలో ఖాళీలు రావచ్చు, కాబట్టి అది బిల్లు తగ్గించే ఉపాయంగా పనికిరాదు. మానేసినవారే తమ వివరాలు తీసేయమని కోరితే అది వేరే సంగతి.

పన్ను గురించి ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్, యోగా వంటి సేవలపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, దానితోపాటు ఇన్‌పుట్ క్రెడిట్ పోయింది. సాఫ్ట్‌వేర్ చందా మీద కట్టే 18 శాతాన్ని ఇదివరకు నమోదైన కేంద్రాలు తమ పన్నులో సర్దుకునేవి, ఇప్పుడు అది నేరుగా ఖర్చు. ఏడాదికి 20 లక్షల ఆదాయం దాటక నమోదే లేని చిన్న కేంద్రాలకు ఎప్పుడూ ఖర్చే. అందుకే పై లెక్కలో పన్ను కలిపి చూపవలసి వచ్చింది.

చెల్లింపు విధానం కూడా మారే అంకెకు ఇబ్బంది పెడుతుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కార్డు నుంచి ప్రతినెలా దానంతట అదే డబ్బు వెళ్ళాలంటే ముందుగా అనుమతి ఇవ్వాలి, కనీసం 24 గంటల ముందు సమాచారం రావాలి. బిల్లు నెలనెలా మారేదైతే అనుమతిలో ఒక గరిష్ఠ మొత్తం రాస్తారు. 4,956 చూసుకుని గరిష్ఠం ఐదు వేలు అని రాసిన కేంద్రానికి జూన్ నెల 6,372 బిల్లు వస్తే చెల్లింపు ఆగిపోతుంది, అది కూడా బ్యాచ్‌లు నిండుగా ఉన్న నెలలో. గరిష్ఠం రాసేటప్పుడు ఇప్పటి మెట్టుకు కాక రెండు మెట్లు పైకి చూసుకోవాలి.

ఇన్ని నిబంధనలు చదివే ఓపిక లేనివారికి ఒక దగ్గరి దారి ఉంది: గత నెల బిల్లులో యాక్టివ్‌గా లెక్కించిన పేర్ల జాబితా, ఒక్కో పేరు పక్కన అది ఎందుకు లెక్కలోకి వచ్చిందో రాసి పంపమని అమ్మకందారును అడగడం. ట్రయల్ నెలలోనే అడగాలి. కరెంటు బిల్లు మీద పాత రీడింగు, కొత్త రీడింగు రెండూ ఉంటాయి. మొత్తం అంకె ఒక్కటే చూపించే సాఫ్ట్‌వేర్ మీటరు లేకుండా బిల్లు ఇచ్చినట్టు. జాబితా చేతికి వస్తే దాన్ని హాజరు పట్టీ పక్కన పెట్టి చదవడానికి అరగంట పడుతుంది.

వేదాయపాళెం కేంద్రం ఆ పని చేసిందనుకుందాం. నూట యాభై మూడు పేర్లలో రెట్టింపైన ఏడూ పది నిమిషాల్లో దొరికాయి. ఇంకా రెండు మిగిలాయి. ఒకటి సాయంత్రం క్లాసు టీచరుది. తెర ఎలా కనిపిస్తుందో శిష్యులకు చూపించడానికి ఆమె తనకు తానే ఒక క్లాసు బుక్ చేసుకుంది. రెండోది జాబితాలో అన్నిటికన్నా పాత పేరు. సాఫ్ట్‌వేర్ తీసుకున్న మొదటి రోజు, పనిచేస్తుందో లేదో చూడటానికి యజమాని టెస్ట్ అని పేరు పెట్టి, గడువు లేని ఉచిత ప్యాకేజీ ఇచ్చి వదిలేసిన ఖాతా. ఒక్క క్లాసుకూ రాలేదు, ఒక్క నెలా లెక్క తప్పలేదు.